మన సన్నాయి చుట్టాలు అరబ్బు దేశాల్లో!

"పీపీ డుండుం ఎప్పుడు?" అని ఎవరైనా అడిగితే మీకు వెంటనే అర్థమైపోతుంది. పెళ్లెప్పుడని అడుగుతున్నారు. అందులో పెళ్లి అనే మాటే లేదు. ఉన్నవి రెండే రెండు చప్పుళ్లు. 'డుండుం' డోలుది, 'పీపీ' సన్నాయిది. తెలుగువాళ్ల చెవికి ఆ రెండూ కలిస్తేనే పెళ్లి.

ఇప్పుడు నిజం చెప్పండి. ఈ మధ్య మీరు వెళ్లిన పెళ్లిలో 'డుండుం' వినపడే ఉంటుంది, అదీ గుండెలు అదిరేలా. మరి 'పీపీ'? ఒక మనిషి మీ ఎదురుగా కూర్చుని ఊదిన సన్నాయిని చివరిసారి ఎప్పుడు విన్నారు?

నాకు ఈ ప్రశ్న మా ఊళ్లో తట్టలేదు. బహ్రెయిన్ నుంచి వాట్సాప్‌లో వచ్చింది.

అన్న పంపిన వీడియో

మాది సూర్యాపేట పక్కనే చివ్వెంల మండలం. మా పెదనాన్న కొడుకు బహ్రెయిన్‌లో డ్రైవర్. ఓ శుక్రవారం ఫ్యామిలీ గ్రూపులో నిమిషంన్నర వీడియో పెట్టాడు. తెల్లటి పొడుగు అంగీలు తొడుక్కున్న మగవాళ్లు గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నారు. పెద్ద పెద్ద డోళ్లు మోగుతున్నాయి. ఒకాయన తగరం డబ్బాను కర్రలతో దంచుతున్నాడు. మధ్యలో ఓ పెద్దాయన బుగ్గలు పొంగించి ఏదో ఊదుతున్నాడు. కింద అన్న వాయిస్ మెసేజ్: "అరేయ్, ఇది ఇను. అచ్చం మన సన్నాయి లెక్కనే ఉంది గదరా! పేరేందంటే 'సుర్నాయ్' అన్నరు."

సుర్నాయ్, సన్నాయి. పాత సినిమాల్లో జాతరలో తప్పిపోయిన అన్నదమ్ముల పేర్లలా లేవూ?

నిజంగానే అన్నదమ్ములు. పారశీక భాషలో 'సూర్' అంటే పండగ, విందు. 'నాయ్' అంటే రెల్లు గొట్టం. రెండూ కలిపితే పండగ గొట్టం. ఆ మాట వర్తకుల వెంట, సైనికుల వెంట, పాటగాళ్ల వెంట ఊళ్లు తిరిగింది. టర్కీలో జుర్నా అయింది. చైనాలో సుఓనా అయింది. ఉత్తరాదిలో షెహనాయ్, మన దగ్గర సన్నాయి. గల్ఫ్‌లో మాత్రం సుర్నాయ్‌గానే ఉండిపోయింది.

అన్న చూసిన ఆట పేరు లీవా. బహ్రెయిన్, కువైట్, ఎమిరేట్స్, ఒమన్ తీరాల్లో ఆడతారు. తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా, ఓడ పనివాళ్లుగా ఆ తీరాలకు చేరిన జనం తెచ్చిన ఆట ఇది. నెమ్మదిగా మొదలై, పోనుపోను ఊపందుకుంటుంది. డోళ్లు నడక పడితే, ఆటను నడిపించేది మాత్రం మధ్యలో ఉన్న సుర్నాయే.

కొబ్బరాకు బూర, బొప్పాయి కాడ

ఇక్కడ కాస్త సైన్స్. భయపడకండి, మీకు తెలిసిందే.

చిన్నప్పుడు కొబ్బరాకు చుట్టి బూర చేసి ఊదారా? సన్నటి కొనను వేళ్లతో కొద్దిగా నొక్కితేనే అది పలుకుతుంది. నొక్కితే రెండు ఆకు పొరలు దగ్గరికొస్తాయి. వాటి మధ్య నుంచి గాలి దూరినప్పుడు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ సెకనుకు కొన్ని వందలసార్లు అదురుతాయి. ఆ అదురే చప్పుడు. సన్నాయి రహస్యమూ ఇంతే. ఆకు బదులు రెల్లుజాతి గడ్డితో చేసిన చిన్న పీక ఉంటుంది. దాన్ని పెదాల మధ్య పట్టుకుని ఊదుతారు. కింద ఉన్న చెక్క గొట్టం ఆ అదురును పెద్దది చేస్తుంది, దాని బెజ్జాలు స్వరాలు పలికిస్తాయి.

ఇక బొప్పాయి కాడ. ఒక కొన మూసేసి, దాని దగ్గర బ్లేడుతో నాలుకలా సన్నటి చీలిక పెట్టి ఊదితే 'బుర్ర్'మంటుంది. ఇక్కడ అదిరేది ఒకటే నాలుక. పాములోళ్ల నాగస్వరం బుర్ర లోపల దాగి ఉండేదీ ఇలాంటి నాలుకే.

అంటే రెల్లు వాద్యాలు ప్రధానంగా రెండు ఇంటిపేర్లవి. రెండు నాలుకలవి, ఒంటి నాలుకవి. అరబ్బు దేశాల జానపద వాద్యాల్లో ఈ రెండు కుటుంబాలూ ఉన్నాయి. అరబ్బు సంగీతమనగానే చాలామందికి గుర్తొచ్చే 'నే' మాత్రం ఈ లెక్కలోకి రాదు. అదీ రెల్లు గొట్టమే కానీ, నాలుక ఉండదు. మన పిల్లనగ్రోవికి దగ్గరి బంధువు.

ఎవరి ఆటకు ఏ బూర?

ఈజిప్టులో లక్సర్ వైపు వెళ్తే మిజ్మార్ వినపడుతుంది. ఇది రెండు నాలుకల కుటుంబం. పెదాలు ఆనించుకోవడానికి పీక దగ్గర చిన్న బిళ్ల ఉంటుంది. సాధారణంగా ముగ్గురు కూర్చుంటారు. ఒకరు పాట ఊదుతుంటే మిగతావాళ్లు ఒకే స్వరం పట్టి ఉంచుతారు. పక్కన మెడకు తగిలించుకున్న పెద్ద డోలు. మన మేళంలో సన్నాయి, సుతి, డోలు ఉన్నట్టే! ఈ మిజ్మార్ మోతకు అక్కడ 'తహ్తీబ్' అనే కర్రల ఆట ఆడతారు. మన కర్రసామును తలపించే ఈ ఆటను యునెస్కో 2016లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మనుషులే కాదు, అక్కడ గుర్రాలనూ మిజ్మార్‌కు ఆడిస్తారు.

లెబనాన్, సిరియా, పాలస్తీనా, జోర్డాన్ పెళ్లిళ్లలో మిజ్విజ్ ఉంటుంది. ఆ మాటకు 'జంట' అని అర్థం. రెండు రెల్లు గొట్టాలను పక్కపక్కన కట్టేస్తారు, ఒక్కోదానికి ఒంటి నాలుక. ఒకే వేలు రెండు గొట్టాల బెజ్జాలనూ మూస్తుంది. రెండింటి శ్రుతి వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. అందుకే ఆ చప్పుడు తేనెటీగల పట్టును కదిపినట్టు గుయ్యిమంటూ చెవిలో తిరుగుతుంది. దానికి ఆడే ఆట దబ్కే. చేయీ చేయీ పట్టుకుని వరసగా నిలబడి, నేల అదిరేలా కాళ్లు తాటిస్తారు. పాలస్తీనా దబ్కే 2023లో యునెస్కో జాబితాకెక్కింది.

ఈజిప్టులోనే అర్ఘూల్ అని ఇంకోటుంది. ఇదీ జంట గొట్టాలదే. కాకపోతే ఒక గొట్టం బాగా పొడుగ్గా ఉండి ఎప్పుడూ ఒకే స్వరం పలుకుతుంది. చిన్నది పాట పాడుతుంది. ఇలాంటి జంట గొట్టాలు ఊదుతున్న మనుషుల బొమ్మలు 3000 ఏళ్ల కిందటి ఈజిప్టు సమాధుల గోడల మీదా ఉన్నాయి.

గల్ఫ్‌లో సుర్నాయ్‌తో పాటు హబ్బాన్ అనేది ఉంది. మేకతోలు సంచిలోకి గాలి ఊది, చంకలో నొక్కుతూ వాయిస్తారు. ఈ తోలు సంచి సంగతికి మళ్లీ వద్దాం. మనకు దాంతో చాలా పాత లెక్క ఉంది.

డప్పు వచ్చింది, బూర రాలేదు

అరబ్బు సంగీతం మనకు దూరమనుకుంటున్నారా? మొన్న వినాయక నిమజ్జనంలో మీరు ఆడింది ఏంటి? తీన్‌మార్ కదా!

నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బులు హైదరాబాద్ వచ్చారు. వాళ్ల బ్యారక్స్ ఉన్న చోటే ఇవాళ్టి బార్కస్. తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు నిజాం అశ్వికదళంలో ఉండేవాళ్లు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆ దళం పేరే కుదించుకుపోయి ఏసీ గార్డ్స్ అయింది. మాసబ్‌ట్యాంక్ పక్కన ఉండే ఆ పేటలో చల్లటి ఏసీలేమీ లేవు మరి! ఈ రెండు జనాల చేతుల్లో పెరిగిందే హైదరాబాద్ మర్ఫా. అందులో మూడు దెబ్బల నడకే తీన్‌మార్. పాతబస్తీ పెళ్లిళ్ల నుంచి బోనాలకు, గణేశుడి ఊరేగింపులకు, మా సూర్యాపేట బరాత్‌లకు పాకింది.

చూడండి, గల్ఫ్‌లో లీవాను నిలబెట్టింది తూర్పు ఆఫ్రికా జనమే, హైదరాబాద్‌లో మర్ఫా మోగించినవాళ్లలోనూ వాళ్లున్నారు. కానీ అక్కడ డోళ్ల మధ్య సుర్నాయ్ ఉంది. ఇక్కడ మర్ఫా అంటే దెబ్బల వాద్యాలే, వాటిదే రాజ్యం.

మన దగ్గర సన్నాయి లేకనా? ఊరూరా ఉంది. గుడిలో, పెళ్లిలో మంగళవాయిద్యం నాయీ బ్రాహ్మణుల ఇళ్లలో తరతరాలుగా వస్తోంది. 'భజంత్రీలు' అంటే వాళ్లే. కోస్తాలో పెద్ద సన్నాయిని, అంటే నాదస్వరాన్ని ముస్లిం కుటుంబాలూ అంతే భక్తిగా పట్టుకున్నాయి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. గుడి ముందు అల్లా పేరున్న మనుషులు ఊదితే రాముడు నిద్రలేచిన ఊళ్లు మనవి.

గట్టు మీద మోత

మా మండలం పేరు మీరు విని ఉంటే, అది దురాజ్‌పల్లి పెద్దగట్టు వల్లే అయి ఉంటుంది. హైదరాబాద్-విజయవాడ హైవే పక్కనే ఉన్న గుట్ట అది. లింగమంతుల స్వామికి, చౌడమ్మకు రెండేళ్లకోసారి జాతర జరుగుతుంది. మేడారం తర్వాత తెలంగాణలో పెద్ద జాతర ఇదేనంటారు. 2025 ఫిబ్రవరిలో జరిగింది, ఆ లెక్కన మళ్లీ 2027లో. యాదవులు గజ్జెల లాగులు తొడుక్కుని, భేరీలు మోగిస్తూ, 'ఓ లింగా' అంటూ గట్టెక్కుతుంటే హైవే మీద బస్సుల హారన్లు కూడా వినపడవు.

గొర్లు, మేకలు కాసిన జనం జాతర కదా. ఇప్పుడు ఆ తోలు సంచి సంగతి. తెలుగునాట కూడా మేకతోలుతో చేసిన ఊదేవాద్యం ఉంది. పేరు తిత్తి. తోలు సంచికి రెల్లు నాలుక ఉన్న గొట్టం బిగిస్తారు. వీధి భాగవతాల్లో, కథలు చెప్పేవాళ్ల వెనక నిలబడి ఒకాయన దాన్ని నొక్కుతూ శ్రుతి ఇచ్చేవాడు. హబ్బాన్ పాట కూడా వాయిస్తుంది, మన తిత్తి శ్రుతి మాత్రమే ఇస్తుంది. తేడా అంతే. రెండు చోట్లా మేకలున్న జనం, ఊపిరి నిల్వ చేసుకోవడానికి మేకతోలునే వెతుక్కున్నారు.

తిత్తిని మా ఊళ్లో నా వయసువాళ్లెవరూ చూడలేదు. దాని పని ఇప్పుడు ఫోన్‌లో శ్రుతి యాప్ చేస్తోంది. సన్నాయి ఇంకా ఆ దాకా పోలేదు. పోయే దారిలో ఉంది.

"ఫోటోకు పిలుస్తరు బిడ్డా"

మా పక్క ఊళ్లో ఓ సన్నాయి తాత ఉన్నాడు. డెబ్బై దాటాయి. అన్న పంపిన వీడియో ఆయనకు చూపించాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు.

"గట్టోడే," అన్నాడు. "ఊపిరి యాడా తెగనిస్తలేడు."

ఊపిరి తెగకపోవడమే ఈ వాద్యాలన్నింటి అసలు విద్య. బుగ్గల్లో కొంత గాలి దాచుకుని, దాన్ని బయటికి నొక్కుతూనే ముక్కుతో లోపలికి పీల్చాలి. ఈజిప్టు మిజ్మార్ అయినా, సిరియా మిజ్విజ్ అయినా, ఇదే కిటుకు. తాతకు చిన్నప్పుడు వాళ్ల నాయన చెంబెడు నీళ్లు, ఓ బొప్పాయి కాడ ఇచ్చి, "బుడగలు ఆగొద్దు" అని కూర్చోబెట్టేవాడట. బుడగలు ఆగితే వీపు మీద ఒకటి పడేదట.

పెళ్లిళ్లకు పిలుస్తున్నారా అని అడిగాను.

"ఎందుకు పిల్వరు? ఫోటోకు పిలుస్తరు బిడ్డా. 'తాతా, జర సన్నాయి పట్టుకోని ఇట్ల నిలవడు' అంటరు. ఊదమనరు. ఊదేది పెట్టెల వస్తుంటది."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయన కొడుకు సూర్యాపేటలో సెలూన్ నడుపుతున్నాడు. మనవడు బీటెక్. సన్నాయి గోడకు వేలాడుతోంది. ఎండిపోయిన పీకలు రెండు దారానికి కట్టి ఉన్నాయి.

గట్టిమేళం అంటే ఏంటో తెలుసా?

పంతులు గారు చేయెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటారు గుర్తుందా? తాళి కట్టే క్షణంలో తుమ్ము గానీ, చెడ్డమాట గానీ ఎవరి చెవినా పడకుండా సన్నాయి, డోలు ఒక్కసారిగా విరుచుకుపడాలి. అందుకోసం సన్నాయి ఊదే మనిషి పంతులు చేతినే చూస్తూ ఉంటాడు. పెళ్లికొడుకు వేళ్లు వణికి మూడో ముడి ఆలస్యమైతే, మేళమూ అంతసేపు సాగుతుంది. అప్పగింతల్లో పెళ్లికూతురు తల్లి కళ్లు తుడుచుకుంటే రాగం మారిపోతుంది.

ఈ మధ్య మా బంధువుల పెళ్లిలో పంతులు గారు "గట్టిమేళం" అన్నారు. బ్లూటూత్ స్పీకర్ దగ్గరున్న కుర్రాడు ఫోన్ నొక్కాడు. ముందు టూత్‌పేస్ట్ యాడ్ వచ్చింది. మండపమంతా ఘొల్లుమంది. తాళి కట్టడం అయిపోయింది, తర్వాత మేళం మొదలైంది.

నా మాట ఇదే. మనం పోగొట్టుకుంటున్నది చప్పుడును కాదు. చప్పుడు పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉంది. పోతున్నది, మనల్ని చూస్తూ ఊదే మనిషి. దబ్కేలో మిజ్విజ్ ఊదేవాడు ఆడేవాళ్ల వరస ముందు నడుస్తూ కాళ్లను చూస్తాడు. ఎవరి కాలు ఊపందుకుంటే వాళ్ల ముందు ఆగి ఇంకా రెచ్చగొడతాడు. లీవాలో సుర్నాయ్ వలయం మధ్యలో ఉంటుంది. మన పెళ్లిలో సన్నాయి పంతులు చేతిని చూస్తుంది. రికార్డింగ్‌కు కళ్లుండవు.

మరి కీబోర్డు సంగతేంటి?

"కాలం మారింది బ్రో" అంటారా? ఒప్పుకుంటా. అరబ్బు దేశాల్లోనూ మారింది. సిరియాలో ఒమర్ సులేమాన్ అనే పెళ్లిపాటల గాయకుడున్నాడు. దబ్కే పాటలే పాడతాడు, కానీ వెనక మిజ్విజ్ ఉండదు. కీబోర్డే మిజ్విజ్‌లా గుయ్యిమని మోగుతుంది. ఆ పాటలు ఊళ్ల పెళ్లిళ్ల నుంచి యూరప్ వేదికలకెక్కాయి. 2013లో నోబెల్ శాంతి బహుమతి కచేరీలోనూ పాడాడు. అంటే రెల్లు పీక లేకున్నా దాని గొంతు బతికింది.

ఎందుకు బతికింది? కీబోర్డు వెనక ఒక మనిషి ఉన్నాడు కాబట్టి. ఆట ఊపును బట్టి అప్పటికప్పుడు వేళ్లు మార్చే మనిషి. మన బ్యాండు మేళాల్లో క్లారినెట్, కీబోర్డు వాయించే అన్నలూ అలాంటివాళ్లే. వాళ్లతో నాకు పేచీ లేదు. క్లారినెట్ కూడా ఒంటి నాలుక కుటుంబమే, బొప్పాయి కాడకు పెద్దన్న! నా పేచీ మనిషే లేని పెట్టెతో.

ఆ మోతకు హద్దులూ పడుతున్నాయి. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. ఖాళీ అయిన ఆ చోటులోకి ఎవరొస్తారు? పిలిస్తే మనుషులే వస్తారు.

మనం చేయగలిగింది

మా చెల్లె పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఇంట్లో డీజే కావాలని ఒక పార్టీ, వద్దని ఒక పార్టీ. చివరికి కుదిరిన రాజీ ఇది. బరాత్‌కు డీజే. మండపంలో సన్నాయి, సుతి, డోలు. ముగ్గురు మనుషులకు అడిగింది డీజేకు మాట్లాడిన దాంట్లో సగం కూడా లేదు. మా చెల్లె ఒక్కటే షరతు పెట్టింది: "ఫోటోకు నిలబెట్టుడు కాదు, ఊదాలె."

మీ ఇంట్లోనూ ఈ చర్చ వస్తుంది. వచ్చినప్పుడు మీ ఊళ్లో ఇంకా ఊదగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో ముందు అడగండి. ఉంటే వెళ్లి కలవండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, పాట మొదలు నుంచి చివరిదాకా రికార్డు చేయండి, రీల్‌కు సరిపడా ముప్పై సెకన్లు కాదు. ఏ రాగం ఏ తంతుకో ఆయన నోటితోనే చెప్పించండి. పీక ఎలా కడతారో దగ్గరగా తీయండి. తిత్తి విషయంలో ఆ పని చేసే ఫోన్లు అప్పట్లో లేవు. సన్నాయికి మనందరి జేబుల్లో ఉన్నాయి.

ఇంకో చిన్న పని. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా పెట్టి, బుడగలు ఆగకుండా ఊదుతూ ముక్కుతో గాలి పీల్చి చూడండి. రెండు బుడగలకే ఆగిపోతే సిగ్గుపడొద్దు. నేను నెల రోజులుగా ప్రయత్నిస్తున్నా, ఎనిమిది సెకన్లకు వచ్చాను. ఆ సంగతి తాతకు చెబితే గోడ మీది సన్నాయి దించి, పీక నోట్లో తడుపుకుంటూ అన్నాడు: "పదైనంక రా. మీ దోస్తులెవరన్న ఉంటే పట్టుకరా. ఒక్కనికి నేర్పితే నాకు గూడ ఊపు రాదు."